ముల్లు దొరికిందా?

మొన్న మనవడి సైకిలుకు పంచరు వేద్దామని సొల్యూషన్ గొట్టానికి మూత తీస్తే పాతూరు వాసన వచ్చింది. పెట్రోలూ పచ్చి రబ్బరూ కలిసి ముక్కులో రవంత తియ్యగా తగిలే వాసన అది. అనంతపురం పాతూరులో మా సందు మొదట ఉండిన సైకిల్ షాపులో పొద్దున ఏడింటికే మొదలయ్యేది. పది దాటేసరికి కిరసనాయిలు తోడయ్యేది. ఎవరైనా బీడీ వెలిగిస్తే షాపు నడిపే మామ మాట్లాడకుండా లేచి, సొల్యూషన్ డబ్బాను లోపలి అరలో పెట్టి వచ్చేవాడు. గబుక్కున నిప్పందుకునే సరుకు అది.

షాపంటే పదడుగుల గది, ముందర ఒక వేపచెట్టు. కొమ్మకు రెండు గొలుసులు వేలాడేవి. ఒక కొక్కెం సీటు కింద, ఇంకోటి హ్యాండిలుకు తగిలిస్తే సైకిలు నడుమెత్తున గాల్లో నిలబడేది, వంగకుండా పని చేసుకోవచ్చు. చెట్టు మొదట్లో నీళ్ళ తొట్టి, పాత లారీ టైరు కోసి చేసింది. గోడ పొడుగునా టైర్లు, ట్యూబులు, రిమ్ములు. గుమ్మం పక్కన వరసగా బాడుగ సైకిళ్ళు, వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగుతో నంబర్లు వేసి ఉండేవి.

పెద్దవాళ్ళు ఆయన్ని మేస్త్రీ అని పిలిచేవాళ్ళు. సందులో పిల్లలందరికీ ఆయన మామ. సాయిబుల ఇళ్ళతో వరసలు కలుపుకోవడం మా వైపు మామూలే. సెలవుల్లో పిల్లలు ఆ చెట్టు కిందే ఉండేవాళ్ళం, చిన్నచిన్న పనులు మా చేతికి వచ్చేవి. ట్యూబుకు ప్యాచు వేసి, గాలి కొట్టి, నీళ్ళలో ముంచి, బుడగ రాలేదని సంతోషంగా చూపించేవాళ్ళం. మామ ట్యూబు వైపు చూసేవాడే కాదు.

"ముల్లు దొరికిందా?"

"దొరకలే మామా."

"అయితే అది ఇంగా టైర్లోనే ఉండాదప్పా. ఇప్పుడు బిగిచ్చి పంపిస్తే రేపు పొద్దున్నే ఆ మనిషి సైకిలు తోసుకుంటా మళ్ళా వస్తాడు. వెతుకు."

ముల్లు తీసి ఆయన అరచేతిలో పెట్టేదాకా టైరు రిమ్ము ఎక్కేది కాదు. తీసిన ముళ్ళన్నీ ఒక సిగరెట్ డబ్బాలో వేసేవాడు. దారిలో పారేస్తే ఇంకొకరి టైరుకు ఎక్కుతాయని.

అనంతపురం ముళ్ళ ఊరు. పల్లేరుకాయ ఎట్లా పడినా ఒక ముల్లు ఆకాశం వైపే చూస్తూ ఉంటుంది. చేల చుట్టూ కంప కొట్టి వేసే రోజుల్లో బుక్కరాయసముద్రం, రాప్తాడు దారుల నుంచి వచ్చే సైకిళ్ళన్నీ నేరుగా షాపుకే వచ్చేవి. పల్లేరు ముల్లు పొట్టిది, బయటినుంచే కనబడుతుంది, గోరుతో వచ్చేస్తుంది. కంపముల్లు అట్లా కాదు. పొడుగ్గా లోపలికి దిగి, బయటి సగం విరిగిపోయి, టైరు లోపలి గుడ్డపోగుల మధ్య సూది మొనంత మిగులుతుంది. గాలి ఉన్నప్పుడే అది ట్యూబుకు తగులుతుంది, గాలి తీసి చూస్తే పోగుల్లోకి దాక్కుంటుంది. దానికి మామ చెప్పిన ఉపాయం దూది. వేలితో తడిమితే వేలు కోసుకుంటుంది, లేకపోతే చర్మం మొద్దుబారి తెలియదు. చిన్న దూదిపింజ తీసుకుని టైరు లోపల చుట్టూ లాగితే, మొన ఉన్నచోట పోగు పట్టుకుని తెగుతుంది. అక్కడ టైరును వెనక్కి వంచితే ముల్లు తల పైకెత్తుతుంది. పట్టకారుతో లోపలివైపుకే లాగాలి. బయటినుంచి పొడిచి తోస్తే మొన మధ్యలో విరుగుతుంది.

వెతకడానికి ఇంకో దారి ట్యూబే చూపిస్తుంది. టైరు విప్పేటప్పుడు వాల్వు ఎక్కడుందో అక్కడ టైరు పక్కన సుద్దతో గీత పెట్టాలి. నీళ్ళలో బుడగ వచ్చిన చోటు వాల్వుకు ఎన్ని జానల దూరమో కొలిచి, అదే దూరం టైరు మీద కొలిస్తే చాలు. ట్యూబు తిరగబడి ఉంటుందేమోనని రెండు వైపులా చూడాలి.

బెజ్జం ఉన్న చోటును బట్టే మామ జరిగిందంతా చెప్పేవాడు. టైరు వైపు ఒక్క సన్నని బెజ్జం ఉంటే ముల్లు. పక్కపక్కన పాము కాటులా రెండు గాట్లు ఉంటే గాలి తక్కువతో రాయెక్కించాడని, రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగిందని. దానికి ముల్లు వెతకనక్కర్లేదు, గాలి నిండుగా పెట్టుకోమని చెప్పి పంపాలి. రిమ్ము వైపు బెజ్జం ఉంటే లోపలి పట్టీ జరిగి స్పోకు తల గుచ్చుకుందని. స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టును నిపుల్ అంటారు. స్పోకు మార్చినప్పుడు దాంట్లోంచి బయటికి పొడుచుకొచ్చిన కొసను ఆకురాయితో రుద్దకపోతే ఇదే జరుగుతుంది. వాల్వు మొదట్లో చిరిగితే చాలాకాలం గాలి తక్కువతో తొక్కాడని అర్థం. టైరు రిమ్ము మీద మెల్లగా జరిగి, తనతోపాటు ట్యూబును లాగి, వాల్వును ఒక పక్కకు వంచేస్తుంది. వాల్వు వాలి కనబడితే అప్పుడే గాలి తీసి టైరు సర్దుకోవాలి. అక్కడ చిరిగాక ప్యాచు నిలవదు, ట్యూబు మార్చాల్సిందే.

ప్యాచు వేయడం చూడటానికి సులువు. అందరూ తప్పు చేసేది ఆత్రపడి. ముందు ఆ చోటును ఆకురాయితోనో గరుకు రేకుతోనో ట్యూబు నిగనిగలాడే పొర పోయి బూడిదరంగు తేలేదాకా గీరాలి. వేసే ప్యాచుకన్నా వేలెడు వెడల్పు ఎక్కువ గీరాలి. దుమ్ము తుడిచి, సొల్యూషన్ పలచగా ఒక్క పొర రాయాలి. ఇప్పుడు ఆగాలి. చలికాలం అయిదు నిమిషాలు, మే నెలలో రెండు చాలు. వేలి వెనకవైపుతో తాకితే అంటుకోకుండా, కాస్త పట్టినట్టు ఉండాలి. తడి ఆరకముందే వేస్తే లోపల చిక్కిన ఆవిరి మర్నాడు ఎండకు బుడగై ప్యాచును పైకి లేపుతుంది. పాత ట్యూబు నుంచి కోసిన ప్యాచైనా గుండ్రంగా ఉండాలి, మూలలుంటే అక్కడినుంచే లేస్తుంది. కత్తెర వాల్చి పట్టి కోస్తే అంచు పలచబడుతుంది. వేశాక నడుమ నుంచి అంచులకు గట్టిగా ఒత్తి, చెక్క మీద పెట్టి సుత్తితో నాలుగు మెత్తటి దెబ్బలు వేయాలి. పైన సుద్దపొడి చల్లితే మిగిలిన జిగురు టైరుకు అంటుకోదు.

టైరు ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవరు పట్టుకుంటే మామ చేతిమీద కొట్టేవాడు. కొత్తగా పడే సగం బెజ్జాలు దాంతోనే. ట్యూబులో కొంచెం గాలి పెట్టి, మడత లేకుండా సర్ది, వాల్వుకు ఎదురువైపు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగిస్తే ఆఖరి జానెడు కూడా బొటనవేళ్ళతోనే ఎక్కుతుంది. అక్కడ వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలాలి, టైరు అంచు కింద చిక్కిన ట్యూబు బయటపడుతుంది.

పంచరనుకున్నవాటిలో చాలా వాటికి పంచరే ఉండేది కాదు. చక్రం విప్పకముందే మామ వేలికి ఉమ్మి రాసి వాల్వు మూతి మీద పెట్టేవాడు. ఉమ్మి బుడగైతే పని పది పైసలది. పాత వాల్వు కథ ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇత్తడి పుల్లకు పక్కన ఒక చిన్న రంధ్రం, దాని మీద సన్నని రబ్బరు గొట్టం తొడుగు, దాన్నే వాల్ట్యూబు అనేవాళ్ళం. పంపు గాలి ఆ తొడుగును ఉబ్బించి లోపలికి పోతుంది. లోపలి గాలి దాన్ని రంధ్రానికి అదిమి మూసేస్తుంది. ఎండకు ఆ రబ్బరు ఆరు నెలల్లో జిగటై అతుక్కుపోయేది. కొత్తది అంగుళం ముక్క కోసి, తడి చేసి, రంధ్రం దాటి పైనున్న గట్టుదాకా ఎక్కించాలి. తడికి నీళ్ళో ఉమ్మో చాలు, నూనె ముట్టకూడదు. నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడి చెడుతుంది.

గాలి ఎంతో వేలే చెప్పాలి. 28 అంగుళాల టైరుకు 45 పౌండ్లు అనుకున్నా, ఆ వాల్వు మీద మీటరు పెట్టి లోపలి గాలి చూసే వీలు లేదు. బొటనవేలితో టైరు పక్కన నొక్కితే ముందు చక్రం కాస్త లొంగాలి, వెనకది లొంగకూడదు. వేసవిలో చెట్టు నీడ జరిగిపోయి ఎండ పడిందంటే మామ బాడుగ సైకిళ్ళన్నీ గోడవారకు జరిపించేవాడు. ఎండకు గాలి పెరిగి ట్యూబు పేలుతుందని జనం నమ్మకం. లెక్క చూస్తే పొద్దున 30 డిగ్రీలప్పుడు 45 ఉన్న గాలి, టైరు 60 డిగ్రీలకు కాగినా 51 దాటదు. మంచి టైరుకు అది లెక్కే కాదు. చెడేది పాత ప్యాచు జిగురు, అది వేడికి మెత్తబడి జారుతుంది. పక్కలు పగిలిన టైరులోంచి ట్యూబు బయటికి తన్నుకొస్తుంది. మామ ఈ లెక్క వేయలేదు గానీ, ప్యాచులు ఎక్కువున్న సైకిళ్ళనే ముందు నీడకు లాగించేవాడు.

పంపు ఒక్కోరోజు ఎంత కొట్టినా గాలి ఎక్కేది కాదు. వాషరు ఎండిందన్నమాట. లోపల కప్పులాంటి తోలు వాషరు ఉంటుంది, అంచు విచ్చుకుని గొట్టానికి ఆనుకోవాలి. ఎండకు బిగుసుకుపోతే గాలి వెనక్కి జారుతుంది. విప్పి, రాత్రంతా ఆముదంలో నానేసి, అంచు వేళ్ళతో విప్పార్చి పెడితే పంపు మళ్ళీ బుస్సుమనేది.

ఆముదం అక్కడికే. చైనుకు వేరుశనగ నూనె పోసేవాళ్ళతో మామకు రోజూ పోరే. అనంతపురంలో ఏ ఇంట్లో చూసినా ఆ నూనె ఉండేది, ఊరికే వచ్చేది, సైకిలుకు పోసేవాళ్ళు. వారం రోజులు చైను పట్టులా తిరుగుతుంది. తర్వాత వంటనూనె గాలికి ఆరి బంకవుతుంది. మన ఎర్రమట్టి దుమ్ము ఆ బంకలో కలిస్తే ఆకురాయి పొడి రాసినట్టే, ప్రతి పిన్నునూ అరగదీస్తుంది. మామ చైను విప్పి కిరసనాయిలు డబ్బాలో వేసి నానబెట్టేవాడు. బయటికొచ్చే మురికి బెల్లం పాకంలా సాగేది. పూర్తిగా ఆరాక, పిన్ను పిన్నుకూ ఒక్కొక్క చుక్క పలచని మెషీన్ ఆయిలు. పది నిమిషాలు తిప్పి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయాలి. నూనె పని చేసేది పిన్ను లోపలే, పైన ఉన్నది దుమ్మును పిలుస్తుంది.

చైను అరిగిందో లేదో చూడటానికి గోడకు ఒక అడుగు స్కేలు కొట్టి ఉండేది. పిన్ను నడుమ నుంచి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాలు. దాని మీద అంగుళంలో ఎనిమిదో వంతు పెరిగిందంటే చైను పనైపోయినట్టు. అట్లాగే తొక్కితే వెనక చక్రానికి కొత్తగా వేసిన పళ్ళబిళ్ళ, అంటే ఫ్రీవీలు, దాని పళ్ళు కూడా కొక్కేల్లా అరుగుతాయి. చైను రెండు కొసలనూ కలిపే లాక్ లింకుకు క్లిప్పు వేసేటప్పుడు మూసిన కొస చైను పోయే దిక్కుకు ఉండాలి, తెరిచిన కొస ముందుంటే దేనికైనా తగిలి ఊడుతుంది. బిగువు చూడటానికి చైను నడుమ వేలు పెట్టి ఆడిస్తే అర అంగుళం ఆడాలి. పెడలు ఒక పూర్తి చుట్టు తిప్పి, ఎక్కడ బాగా బిగుస్తుందో అక్కడ చూడాలి, పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం, చైన్‌వీలు, ఎప్పుడూ రవంత వంకరగానే ఉంటుంది. తెలియనివాళ్ళు వీణ తీగలా బిగిస్తారు. తొక్కుడు బరువవుతుంది, వెనక హబ్బులో, అంటే చక్రం నడిమి గొట్టంలో, ఇనుప బాల్సు దొర్లే కోన్లు అనే నట్లు అరిగిపోతాయి.

ఆషాఢం గాలి గురించి చెప్పాలి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టడానికి కారణమైన గాలే అది, పడమటి నుంచి వస్తే సైకిలు నిలబెట్టేస్తుంది. అప్పుడు పాల క్యాన్లవాళ్ళు వరసగా వచ్చి పెద్ద ఫ్రీవీలు వేయించుకునేవాళ్ళు. చైన్‌వీలు 44 పళ్ళు, ఫ్రీవీలు 18 అయితే పెడలు ఒక చుట్టుకు బండి సుమారు అయిదున్నర మీటర్లు పోతుంది. 20 పళ్ళది వేస్తే అయిదు మీటర్ల లోపే పోతుంది, కాలికి అంత తేలిక. చైను మార్చనక్కర్లేదు, చక్రాన్ని పావంగుళం ముందుకు జరిపితే సరిపోతుంది.

ఫ్రీవీలు లోపల గ్రీజు పెట్టకూడదు. అందులో ఉండే చిన్న నాలుకలు టకటకమని లేచి పడుతుంటేనే పెడలు పట్టేది. గ్రీజులోనో దుమ్ములోనో ఇరుక్కుంటే లేవవు, పెడలు ముందుకు తొక్కినా ఉత్తదే తిరుగుతుంది. కొత్తది కొనమని చెప్పే ముందు మామ చక్రాన్ని పడుకోబెట్టి, సందులోంచి కిరసనాయిలు పోసి తిప్పుతూ కూర్చునేవాడు. టకటక మళ్ళీ వినబడితే రెండు చుక్కల నూనె వేసి పంపేవాడు. సాయంత్రం బాడుగ సైకిళ్ళు తిరిగి వచ్చేటప్పుడు సందులో ముందు వినిపించేది ఆ టకటకే. ఏ నంబరు సైకిలు వస్తోందో దాన్ని బట్టే తెలిసిపోయేది.

దసరాకు పది రోజుల ముందు నుంచి ఓవరాయిలింగు. ఆయుధపూజ నాటికి సైకిలు కడిగి, నూనె పెట్టి, పసుపు కుంకుమ పెట్టుకోవాలని అందరికీ ఉండేది. ఆ పది రోజులు షాపు ముందు నేలంతా విడిచిన సైకిళ్ళే. మాకు బాల్సు లెక్కపెట్టే పని. ముందు హబ్బుకు ఒక్కో వైపు 10, చిన్నవి, అంగుళంలో మూడు పదహారో వంతు. వెనక హబ్బుకు ఒక్కో వైపు 9, పావంగుళంవి. రెండు పెడళ్ళనూ కలిపే యాక్సిలుకు ఒక్కో వైపు 11, పావంగుళంవే. లెక్క మరిచిపోతే కప్పు నిండా పేర్చి ఒకటి తీసేయమనేవాడు. ఒకదానికొకటి రాసుకోకుండా ఆ సందు ఉండాలి. ఒకటి పాడైతే అన్నీ మార్చాలి. అరిగినవాటి మధ్య కొత్తది ఒక్కటి పెడితే వెంట్రుకవాసి పెద్దదై మొత్తం బరువు అదే మోస్తుంది, కోనును గుంట పెడుతుంది. ఇసుకలో పడిన బాలు కోసం పాత రేడియో స్పీకరు అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి నేలమీద లాగేవాళ్ళం. గుడ్డ విప్పితే బాల్సు రాలేవి, ఇనుపరజను గుడ్డకే ఉండిపోయేది.

కోను బిగించడంలోనే మేస్త్రీ చేయి తెలిసేది. కిరసనాయిలుతో కడిగి, కోను దారిలో గుంటలున్నాయేమో గోటితో గీసి చూసి, గ్రీజు పెట్టి బాల్సు అందులో అతికించి, కోను పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తీసి, పైన నట్టు బిగించాలి. నట్టు బిగించేటప్పుడు కోను తనతో తిరిగిపోతుంది, అందుకే పలచని పానా పెట్టి దాన్ని పట్టుకోవాలి. తర్వాత చక్రాన్ని మెల్లగా తిప్పి వదిలేయాలి. చక్రంలో అన్నిటికన్నా బరువైన చోటు వాల్వు. కోను సరిగ్గా ఉంటే చక్రం ఆగబోతూ, వాల్వు కిందికి దిగి, ఆపక్కకూ ఈపక్కకూ ఊయలలా ఊగి అడుగున నిలబడుతుంది. ఎక్కడ పడితే అక్కడ ఆగితే కోను బిగువు. రిమ్ము పట్టి ఆడిస్తే కటకటమంటే వదులు. ఆ ఊగుడు చూసేటప్పుడు మామ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

చక్రం వంకర తీయడం పిల్లలకు ఇచ్చేవాడు కాదు. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనకకు 40, బరువంతా వెనకే కదా. ధర్మవరం నుంచి చీరల మూటలతో వచ్చేవాళ్ళు, ఉప్పు బస్తాలవాళ్ళు వంకరలు తెచ్చేవాళ్ళు. చక్రం తిప్పుతూ ఫోర్కుకు ఆనించి సుద్ద పట్టుకుంటే ఎటు వంగిందో అక్కడ గీత పడుతుంది. కుడికి వంగితే అక్కడున్న ఎడమ హబ్బు స్పోకుల నిపుళ్ళు పావు చుట్టు బిగించాలి, అక్కడి కుడివి అంతే వదలాలి. పావు చుట్టు మించకూడదు, ఒక చోట దిద్దితే మూడు చోట్ల మారుతుంది. మామ మధ్యమధ్య గోటితో స్పోకులు మీటేవాడు. ఒక వైపువన్నీ ఒకే శ్రుతి పలకాలి. మొద్దుగా పలికిన స్పోకు వదులుది, అది ప్రతి చుట్టుకూ వంగి లేచి, కొన్నాళ్ళకు హబ్బు దగ్గరి మోచేతిలో విరుగుతుంది. అది ఎక్కువగా ఫ్రీవీలు వైపే విరిగేది, మార్చాలంటే ఫ్రీవీలు విప్పాల్సిందే.

బ్రేకులు అప్పుడు కడ్డీలవి. రబ్బరు కట్టలు రిమ్ము లోపలి వైపుకు పైకి లేచి ఆనుకుంటాయి. ఇనుప రిమ్ము తడిస్తే మొదటి రెండు చుట్లు బ్రేకు పట్టదు, అందుకే వానలో దిగువకు పోయేటప్పుడు ముందునుంచే మెత్తగా నొక్కి పట్టి రిమ్మును ఆరబెట్టుకోమని చెప్పేవాడు. తాడిపత్రి, గుత్తి వైపు నల్లరేగడి ఊళ్ళవాళ్ళు వానాకాలం మడ్‌గార్డులే విప్పించుకునేవాళ్ళు. ఆ బంకమట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుని చక్రం కదలనిచ్చేది కాదు, సైకిలును భుజాన మోసుకు రావాల్సి వచ్చేది.

రెండో ఆట సినిమాకు పోయేవాళ్ళు, టైరుకు రాసుకుని తిరుగుతూ దీపం వెలిగించే డైనమో పెట్టించుకునేవాళ్ళు. అది సరిగ్గా కూర్చుందో లేదో చూడటానికి మామ డైనమో మధ్య నుంచి ఒక దారం చక్రం ఇరుసుకు లాగి చూసేవాడు. డైనమో నిలువు గీత నేరుగా ఇరుసు వైపు చూడాలి. వాలితే డైనమో మూతి చక్రం పక్కగా రాసుకుని టైరు పక్కను రెండు నెలల్లో తినేస్తుంది. సీటు కవర్లు, హ్యాండిలు కుచ్చులు, స్పోకులకు గుచ్చే రంగు పూసలు కూడా అమ్మేవాడు గానీ, వాటిలో ఆయన మెచ్చుకున్నది హబ్బుకు వేసే కుచ్చు పట్టీ ఒక్కటే. చక్రం తిరిగినంతసేపూ హబ్బును తుడుస్తూ ఉంటుంది.

గోడ మీద పాత సైకిళ్ళ తలబిళ్ళలు, అంటే హ్యాండిలు కింద కంపెనీ పేరుతో ఉండే రేకులు, వరసగా కొట్టి ఉండేవి. మద్రాసు టి.ఐ. (ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్) వాళ్ళ హెర్క్యులిస్, బి.ఎస్.ఎ., లూధియానా హీరో, సోనీపత్ అట్లాస్. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం రోజునే, సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ ఆగిపోయిందని చదివినప్పుడు ముందు గుర్తొచ్చింది ఆ గోడే.

సొల్యూషన్ వాసన వదల్లేదు. పోయిన వారం ఊరికి పోయినప్పుడు పాతూరులోకి నడిచాను. వేపచెట్టు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. మామ పోయి చాలా ఏళ్ళైంది. షాపు ఆయన కొడుకుది. గేర్ల సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు వరసగా నిలబెట్టి ఉన్నాయి, బాడుగ సైకిలు ఒక్కటీ లేదు. లోపల మాత్రం ఒక పాత డబుల్ బార్ హీరో తిరగేసి పడుంది. పూలమ్మే ముసలాయన తెచ్చాడట. తొక్కితే పెడలు ప్రతి చుట్టుకూ ఒక్కసారి టక్కుమంటోంది.

"కాటర్ పిన్ను మామా," అన్నాడు కొడుకు. ఇప్పుడు నేనే మామనయ్యాను.

పెడలు ఉండే కడ్డీని, అంటే క్రాంకును, యాక్సిలుకు పట్టి ఉంచే చీల అది. ఆ టక్కు విన్న రోజే బిగించుకోవాలి. వదులు పిన్నుతో నెల తొక్కితే క్రాంకు రంధ్రమే కోలగా అవుతుంది, ఏ పిన్నూ నిలవదు. కొత్త పిన్ను చదును వైపును ఆకురాయితో సమంగా రుద్దాలి. ఎడమ, కుడి పిన్నులు ఎదురెదురు దిక్కుల నుంచి దిగాలి, రెండూ ఒకే వైపు నుంచి కొడితే పెడళ్ళు ఒకే గీతలో నిలవవు. సుత్తితో దింపాకే నట్టు వేయాలి. నట్టుతో లాగితే మర తెగుతుంది. ఒకరోజు తొక్కాక మళ్ళీ బిగించాలి. ఇవన్నీ ఆ పిల్లవాడికి నేను చెప్పాల్సిన పని లేదు.

పాత పిన్ను తీయడమే కష్టం. చిన్నచిన్న దెబ్బలు కొడితే మర కొస పుట్టగొడుగులా విచ్చుకుని ఇక రాదు. నట్టును మర కొసతో సమంగా ఉండేదాకా వదిలి, ఒక్కటే గట్టి దెబ్బ వేయాలి. కింద ఆధారం లేకుండా కొడితే ఆ దెబ్బ యాక్సిలులోకి పోయి, లోపలి బాల్సు కప్పులో గుంటలు పెడతాయి.

కొడుకు సైకిలును నిలబెట్టి, మూలకు పోయి ఒక ఇనుప గొట్టం ముక్క తెచ్చాడు. పై అంచు ఒక పక్క నొక్కుకుపోయి ఉంది, ఆ నొక్కు నాకు తెలిసిందే. దాన్ని నేలమీద నిలబెట్టి, క్రాంకు కిందికి జరిపి, పిన్ను తల గొట్టం నోట్లోకి దిగేలా సర్దాడు. సుత్తి ఎత్తి ఒక్కటే దెబ్బ వేశాడు. పిన్ను గొట్టంలోకి జారి అడుగున టంగుమని పడింది.